మొలలే అనుకొని ఊరుకోవద్దు

(శుక్రవారం క్యాంపు మీటింగ్‌లో చెప్పిన మాటలు. డ్యూటీ ఉండి రాలేకపోయినవాళ్ల కోసం.)



దొడ్డికి పోయినప్పుడు రక్తం పడితే ఏమనుకుంటాం? "వేడి చేసింది, మొలలు" అనుకుంటాం. ఏదో మందు కొని డ్యూటీకి పోతాం. చాలాసార్లు అవి మొలలే. కానీ డాక్టర్ చూడకుండా ఎవరూ చెప్పలేరు.

పెద్దపేగు క్యాన్సర్ ఒక్కరోజులో రాదు. ముందు పేగు లోపలి పొర మీద చిన్న కండ పెరుగుతుంది. దాన్ని పాలిప్ అంటారు. అన్ని పాలిప్‌లూ క్యాన్సర్ కావు. అయ్యేవాటికి కూడా మామూలుగా పదేళ్ల దాకా పడుతుంది. కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో చేసే పరీక్షలో కనపడితే చాలావరకు అప్పుడే తీసేస్తారు.

చిక్కు ఎక్కడంటే, కొన్ని పాలిప్‌లు పుట్టగొడుగులా లేచి ఉంటాయి. కొన్ని మాత్రం గోడకు అంటుకున్నట్టు చదునుగా ఉంటాయి. రంగు పేగు రంగే, పైన జిగురు కప్పుకొని ఉంటుంది. ఇవి ఎక్కువగా కుడివైపు, కెమెరా చివరికి చేరే చోట ఉంటాయి. రక్తం పెద్దగా కారదు కాబట్టి మలం పరీక్షకు కూడా దొరక్కపోవచ్చు. వీటిని పట్టడానికి డాక్టర్లు అవసరమైతే నీలి రంగు చల్లుతారు, ప్రత్యేక లైటు వేస్తారు. గొట్టం వెనక్కి తీసేటప్పుడు తొందరపడకుండా నిదానంగా చూడాలి.

అది డాక్టర్ పని. మన పని పేగు శుభ్రంగా ఉంచుకోవడం. కొంచెం మలం మిగిలినా చదును పాలిప్ దాని కింద దాక్కుంటుంది. అందుకని:

• ఇచ్చిన విరేచనం మందు, రుచి బాగాలేదని సగంలో ఆపొద్దు. చెప్పిన టైముకు మొత్తం తాగాలి.
• గింజలు, ఆకుకూరలు ఎప్పటి నుంచి మానాలో అడగండి. ఎర్ర రంగు జ్యూసులు, విమ్టో వద్దు. లోపల రక్తంలా కనపడతాయి.
• షుగర్ మందులు, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి.
• మత్తు ఇస్తే ఆ రోజు బండి నడపొద్దు, పరంజా ఎక్కొద్దు. ముందే లీవు అడగండి.

పరీక్ష అయ్యాక మూడు మాటలు అడగండి: పేగు శుభ్రంగా ఉందా? చివరిదాకా చూశారా? మళ్లీ ఎప్పుడు రావాలి? రిపోర్టు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, ఊరికి పోయినా పనికొస్తుంది.

రక్తం పడినా, దొడ్డికి పోయే అలవాటు మారి వారాల తరబడి అలాగే ఉన్నా, బరువు తగ్గినా, రక్తం తక్కువైనా వయసు చూడకుండా డాక్టర్ దగ్గరికి పోవాలి. అలసటంతా ఎండ వల్లే అనుకోవద్దు. అమ్మానాన్నలకు, తోబుట్టువులకు ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, ఏ బాధా లేకపోయినా 40 ఏళ్లకే, ఒక్కోసారి అంతకంటే ముందే, పరీక్ష అవసరం.

"కంపెనీకి తెలిస్తే ఇంటికి పంపుతారేమో, ఊళ్లో అప్పు ఎట్ల తీరుతది" అని చాలామంది దాచుకుంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ పాలిప్‌గా ఉన్నప్పుడు తీయిస్తే కొద్ది రోజుల్లో పనికి పోవచ్చు. ముదిరిన తర్వాత ఎంత దాచినా దాగదు.

భాష రాదని ఆగొద్దు. గ్రూపులో మెసేజ్ పెట్టండి, ఒకరం తోడు వస్తాం.