150 కార్లు అయిపోయాయి... అంటే డిమాండ్ ఉన్నట్టేనా?

మొన్న పాత ఆఫీస్ ఫ్రెండ్ ఒకడు ఫోన్ చేసి, "ఒరేయ్, గోల్ఫ్ జీటీఐ 53 లక్షలు పెట్టినా 150 కార్లూ అయిపోయాయి. ఇలాంటి హాట్ హ్యాచ్‌లు ఇక్కడే ఎందుకు తయారు చెయ్యరు?" అన్నాడు.

150 అయిపోతే మనకు తెలిసేది ఒక్కటే. ఇంత పెద్ద దేశంలో 150 మంది ఉన్నారని. 151వ వాడు ఉన్నాడో లేదో ఆ అంకె చెప్పదు.

2016 చివర్లో పోలో జీటీఐ వచ్చింది, గుర్తుందా? 1.8 లీటర్ టర్బో, 192 పీఎస్, మూడే డోర్లు. తెచ్చింది 99 కార్లు, ధర దాదాపు 26 లక్షలు. మరుసటి ఏడాది దాన్ని 20 లక్షల దగ్గరికి దించాల్సి వచ్చింది. 99 కార్లకే ఆ పరిస్థితి!

"ఇంపోర్ట్ కదా, డ్యూటీ ఎక్కువ" అంటారు. నిజమే. ఇక్కడ తయారుచేసినా ఇంకో చిక్కుంది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్, రెండూ ఉంటేనే చిన్న కారు ట్యాక్స్. 2015లో వచ్చిన అబార్త్ పుంటోకి పొడవు సరిపోయింది కానీ ఇంజిన్ 1.4 లీటర్లు. అంతే, పోయింది.

సరే, ఆ లెక్కలన్నీ కుదిరిన కారు కూడా వచ్చింది కదా. 2018 అక్టోబర్, టియాగో జేటీపీ. 1.2 టర్బో, 114 పీఎస్, మాన్యువల్ గేర్‌బాక్స్, 6.39 లక్షలు ఎక్స్-షోరూమ్. టాటా వాళ్ళు కోయంబత్తూరు జయెమ్‌తో కలిసి చేశారు. ఇంతకంటే ఏం కావాలి?

ఇక్కడ నా సంగతి చెప్పాలి. అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళా. సెకండ్ గేర్‌లో టర్బో అందుకోగానే నవ్వు ఆగలేదు. ఇంటికొచ్చాక నాన్న రెండే అడిగారు: "మైలేజ్ ఎంతరా? అమ్మితే ఎంతొస్తుంది?" చివరికి మామూలు పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నా. తర్వాత ఎవరడిగినా "మా నాన్న ఒప్పుకోలేదు" అనే చెప్పా. అబద్ధం. నాన్న నోరు తెరవకముందే నేను ఫోన్‌లో ఆ మామూలు కారు ఈఎంఐ చూసేసుకున్నా.

2020లో బీఎస్6 వచ్చింది, జేటీపీ ఆగిపోయింది. ఆ రోజు ఫ్రెండ్స్ గ్రూప్‌లో "మన కంపెనీలకు ఎంథూసియాస్టుల విలువ తెలీదు" అని ఇంత పొడుగు మెసేజ్ పెట్టింది కూడా నేనే. సిగ్గులేకుండా! కంపెనీవాడికి కావాల్సింది ఇన్‌వాయిస్. నా మెసేజ్‌లు వాడేం చేసుకుంటాడు?

ఇప్పుడు సెకండ్ హ్యాండ్ జేటీపీ ఒకటి దొరికింది, ఆదివారం చూడ్డానికి వెళ్తున్నా. స్పేర్ పార్ట్స్ సంగతి ముందు మెకానిక్‌ని అడగాలి. నాన్న కూడా వస్తానన్నారు. ఏమైందో నెక్స్ట్ ఎపిసోడ్‌లో చెప్తా. ఉంటానండీ.