తవ్వే ముందు బురదకు పరీక్ష

నవా రాయపూర్‌కు సముద్రం దూరమే. అయినా మన ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా ఇనుప ఖనిజం కొత్తవలస రైలు మార్గంలో విశాఖ రేవుకు చేరుతుంది. 1933లో మొదలైన ఆ రేవు లోపలి హార్బరులోకి మేహాద్రిగెడ్డ వచ్చి కలుస్తుంది. నగరం, పరిశ్రమలు వదిలే మురుగులోని సీసం, జింకు, నూనెలు సన్నని బంకమట్టిని పట్టుకుని అడుగున పేరుకుంటాయి. ఓడల దారి కోసం పూడిక తీస్తే అవి మళ్లీ నీళ్లలో కలవవచ్చు.

అందుకే ముందు వేర్వేరు చోట్ల, లోతుల్లో మట్టి నమూనాలు తీసి లోహాలు, నూనెలు కొలవాలి. ఆ లెక్క ఒక్కటే చాలదు. మట్టిలో ఉన్న విషమంతా ప్రాణులకు ఎక్కదు. కాబట్టి రొయ్యల జాతికి దగ్గరైన చిన్న జీవుల్ని ఆ మట్టిలో 10 రోజులు ఉంచి, ఎన్ని బతికాయో చూస్తారు. శుభ్రమైన ఇసుకైతే కోతకు గురైన తీరానికి పనికొస్తుంది. విషపు బురదను మాత్రం విడిగా భద్రపరచాలి. పరీక్ష ఖర్చు కంటే చేపలు, మత్స్యకారుల బతుకు విలువ ఎక్కువ.