ఇంటి చదువు, ఓపెన్ స్కూల్ చదువు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





స్కాలర్‌షిప్పుల లెక్కంతా కార్యదర్శి గారి నివేదికలో ఉంది కనుక దాని జోలికి పోము. మన కమిటీలో ఇంకా తెగని ఒక చర్చను మీ ముందు పెడతాం. పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, బడి మాన్పించి ఇంట్లోనే చదివించుకుంటామనే కుటుంబాలు సాయం కోసం వస్తున్నాయి. కొందరిది దీనీ వాతావరణం కోసం తపన. కొందరికి హైస్కూలు దూరం. కొందరికి ఫీజు భారం. వీళ్లకు డబ్బు ఇవ్వాలా, ఇస్తే దేనికి ఇవ్వాలి? "ఇంటికి టీచర్‌ను పంపిద్దాం, సర్కారు పరీక్షల గొడవ మనకెందుకు" అని కొందరంటారు. "ఓపెన్ స్కూల్లో పేరు రాయించి ఫీజు కట్టేద్దాం, మన పని అయిపోతుంది" అని ఇంకొందరు. రెండూ సగం మాటలే అని మా అభిప్రాయం.

ఇంటి చదువును తక్కువ చేయడానికి లేదు. మౌలానా అబుల్ కలాం ఆజాద్ బడికి వెళ్లి చదువుకున్నవారు కాదు. తండ్రిగారి దగ్గర, ఇంటికి వచ్చిన ఉస్తాదుల దగ్గర చదువుకున్నారు. స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి అయ్యారు. బేగం రుకయ్యాకు అన్నగారే ఇంట్లో చాటుగా బెంగాలీ, ఇంగ్లీషు నేర్పారు. అయితే ఆమె తర్వాత చేసిందేమిటో కూడా చూడాలి. 1911లో కలకత్తాలో ఎనిమిది మంది ఆడపిల్లలతో బడి తెరిచారు. ఇంట్లోనే అన్నీ నేర్చుకున్న మనిషి, మిగతా పిల్లలకు బడి కావాలనుకున్నారు. అందరి ఇళ్లలో అలాంటి అన్న ఉండడు కదా!

ఇప్పటి సంగతికి వద్దాం. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు బడి చదువు హక్కు అంటుంది, పిల్లల్ని చేర్పించే బాధ్యత తల్లిదండ్రులదే అంటుంది. 2012 సవరణతో మదర్సాలకు, వేద పాఠశాలలకు మినహాయింపు వచ్చింది. ఇంట్లో చదివించుకోవడం గురించి మాత్రం చట్టం విడిగా ఏమీ చెప్పలేదు. కనుక బడి అందుబాటులో ఉన్నచోట పిల్లల్ని బడికే పంపండి అని ముందు చెబుతాం. ఏ కారణం చేతనైనా బడి ఆగిపోయిన పిల్ల సంగతే ఇక్కడ ప్రశ్న.

మాకు తెలిసిన ఒక అమ్మాయి ఏడో తరగతితో బడి మానేసింది. ఇంట్లో ఖుర్ఆన్ పూర్తి చేసింది, ఉర్దూ, తెలుగు రెండూ చక్కగా రాస్తుంది, అబ్బా కుట్టు దుకాణం లెక్కలన్నీ తనే చూస్తుంది. పందొమ్మిదో ఏట ఆసుపత్రిలో పని నేర్చుకుంటానని వెళితే అడిగిన మొదటి మాట, "పది పాసయ్యావా?" ఆమెకు చదువు లేదని ఎవరంటారు? చూపించడానికి కాగితమే లేదు.

ఆ కాగితానికి దారి ఉంది. 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా ఏర్పడిన సంస్థే నేటి ఎన్‌ఐఓఎస్. మన రెండు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి. ఎన్‌ఐఓఎస్‌లో పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి నమోదు కావచ్చు. ఉర్దూ, తెలుగు మాధ్యమాలు ఉన్నాయి, అరబీ ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. అన్నీ ఒకేసారి రాయాలనేమీ లేదు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. పెళ్లయినా, మధ్యలో కాన్పు వచ్చినా, పాసైన సబ్జెక్టు పాసైనట్టే. ఇంత వెసులుబాటు మామూలు బడిలో లేదు. 2018లో ఓపెన్ స్కూల్ పిల్లల్ని నీట్‌కు అనర్హులన్నప్పుడు ఢిల్లీ హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది కూడా.

కానీ పేరు రాయిస్తే చదువు వచ్చేయదు. పుస్తకాల కట్ట ఇంటికి వస్తుంది, విప్పేవాళ్లు ఉండరు. తరగతులు ఆదివారాలు పెడతామంటారు. మేము చూసిన ఒక సెంటర్‌లో ఆదివారం తాళం వేసి ఉంది. ఆ ఖాళీలోకే దళారులు వస్తారు. "మీరు ఫీజు ఇవ్వండి, పాస్ మా పూచీ" అంటారు. దాతల సొమ్ములో ఒక్క రూపాయి కూడా ఆ చేతుల్లోకి పోకూడదు. అలా వచ్చిన కాగితం హలాల్ సంపాదన కాదు, ఆ పిల్లకు రేపు అక్కరకూ రాదు.

ఇంకొకటి, లెక్కలు. ఓపెన్ స్కూల్లో గణితం లేకుండానే పది పాసయ్యే వీలుంది. తేలిగ్గా గట్టెక్కవచ్చని చాలామంది హోంసైన్స్, పెయింటింగ్ తీసుకుంటారు. అవి చెడ్డవని కాదు. కానీ పాలిసెట్‌కు పదిలో గణితం ఉండాలి. పద్నాలుగేళ్ల పిల్ల చేత ఫారంలో ఒక గడి ఖాళీగా వదిలించి, పాలిటెక్నిక్ తలుపు అక్కడే మూసేస్తున్నాం. ఆ ఫారం నింపేటప్పుడు చదువుకున్న పెద్దమనిషి ఒకరు పక్కన కూర్చుంటే చాలు. దీనికి ఖర్చు కూడా లేదు!

అందుకే మేము కమిటీకి చెప్పింది ఇది. ఇంటి చదువు ఇంటిదే. ఏం నేర్పాలో, ఏ వేళ నేర్పాలో తల్లిదండ్రుల ఇష్టం, అందులో సొసైటీ తలదూర్చదు. కానీ మన సాయం తీసుకునే పిల్ల పద్నాలుగు నిండిన ఏడాదే ఓపెన్ స్కూల్లో నమోదు కావాలి, గణితంతో సహా. వాళ్లకు వారానికి మూడు సాయంత్రాలు పాఠం చెప్పే టీచర్‌ను మనం పెట్టాలి. ఆడపిల్లలకు ఆడ టీచరే. ఫీజు ఒక్కసారి కట్టేది, టీచర్ జీతం నెలనెలా ఇవ్వాల్సింది. అసలు బరువు అక్కడే ఉంది, దాతలు ఆ బరువునే పంచుకోవాలి.

జకాత్ సంగతి చాలామంది అడుగుతున్నారు. అర్హులైన పిల్లల ఫీజులు, పుస్తకాలు మాత్రమే జకాత్ ఖాతాలోంచి ఇస్తాం. టీచర్ల జీతాలు సదఖా, లిల్లాహ్ నిధి నుంచే. రెండు రసీదు పుస్తకాలు వేరువేరుగా ఉన్నాయి, ఇచ్చేటప్పుడు ఏ ఖాతాకో రాయించండి. మీలో రిటైరైన గణితం టీచర్లు ఎవరైనా ఉంటే డబ్బుకు బదులు రెండు సాయంత్రాలు ఇవ్వండి, అది ఇంకా మేలు. పేర్లు భోజనాల పందిరి పక్కనున్న బల్ల దగ్గర రాసుకుంటున్నారు.