ఉపాధ్యాయునకు రెండవ యక్షరాభ్యాసము

(గ్రంథాలయ మందిరమున జరిగిన ఉపాధ్యాయుల సభలో నొసగిన యుపన్యాస పాఠము)



మన దేశమున అక్షరాస్యత యను మాటకు చిరకాలము ఒకే యర్థము చెల్లినది. చేవ్రాలు చేయగలవాడు అక్షరాస్యుడు. వేలిముద్ర వేయువాడు నిరక్షరుడు. నేడీ విభాగము తాఱుమాఱైనది. పట్టభద్రులు సైతము ఫోను తెరపై వ్రేలుంచి, తాము చదువని షరతులకు సమ్మతి తెలుపుచున్నారు. పూర్వము రైతు షావుకారు పత్రముపై వేసిన వేలిముద్రకును, చదువక నొక్కిన యీ సమ్మతికిని భేదమేమున్నది? ఈ నూతన నిరక్షరత మఱెచ్చట నిలిచినను, ఉపాధ్యాయుని కుర్చీలో మాత్రము నిలువరాదని నా మనవి. డిజిటల్ అక్షరాస్యత యనగా మీటలు నొక్కు నేర్పని పలువురు తలంచుచున్నారు. ఆ నేర్పు ఐదేండ్ల శిశువునకును కలదు. ఏది యెందుకు నొక్కవలెనో, ఎచ్చట నొక్కక యాగవలెనో తెలిసినప్పుడే యది యక్షరాస్యత యగును.

బోధనకు నల్లబల్ల, సుద్దముక్క, గ్రంథము చాలవా యని కొందఱు పెద్దలు ప్రశ్నింతురు. అది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. 2023లో యునెస్కో ప్రకటించిన ప్రపంచ విద్యా నివేదిక సైతము విద్యలో యంత్రము ఎవరి షరతులపై నుండవలెనని యడిగి, మేలు కలుగుననుటకు నిదర్శనము చాలని చోట్ల తొందరపడవలదని హెచ్చరించినది. కాని యంత్రము మన సెలవు కొఱకు వేచియుండలేదు. 2024 సంవత్సరపు అసర్ సర్వే ప్రకారము మన గ్రామములలో 14 మొదలు 16 ఏండ్ల బాలబాలికలలో నూటికి 82 మంది స్మార్టుఫోను వాడనేర్చిరి. గడచిన వారములో దానిని చదువునకై వాడినవారు నూటికి 57 మంది. సామాజిక మాధ్యమములకై వాడినవారు 76 మంది. శిష్యుడు ప్రతిదినము విహరించు వీథిని గురువు చూడనైన చూడకున్నచో, ఆ వీథిలోని గోతులను చూపువారెవరు? అంతియకాదు. యంత్రమును తగినచోట వలదనుటకును దాని గుణదోషము లెఱిగియుండవలెను. తెలియక విడుచుట వైరాగ్యము కాదు.

ఇప్పటి స్థితి యెట్లున్నది? 2017 సెప్టెంబరు 5వ తేదీన నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడుగారు ఉపాధ్యాయుల కొఱకు 'దీక్ష' యను జాలస్థలమును ప్రారంభించిరి. పాఠ్యపుస్తకములలో క్యూఆర్ కోడులు వచ్చినవి. 2020 మార్చిలో పాఠశాలలు మూతపడగా, ఏ శిక్షణయు లేని ఉపాధ్యాయులు తమ ఫోనులనే తరగతి గదులుగా మార్చుకొనిరి. అది కొనియాడదగిన సాహసము. కాని 2023-24 ప్రభుత్వ లెక్కలనుబట్టి దేశమున నూటికి 57 పాఠశాలలలో మాత్రమే కంప్యూటరులు ఉండినవి. ఇంటర్నెట్టు సుమారు 54 పాఠశాలలలో ఉండినది. బోధనకు రావలసినంత వేగముగా రాని యంత్రము లెక్కలకు మాత్రము వేగముగా వచ్చినది. 2022 ఆగష్టులో ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయుల హాజరును ముఖచిత్రముతో ఫోనులో నమోదుచేయు పద్ధతి ప్రవేశపెట్టినపుడు, స్వంత ఫోనును సర్కారు పనికేల వాడవలెను, మా ముఖచిత్రము లెచ్చట దాచుదురని ఉపాధ్యాయ సంఘములు ప్రశ్నించినవి. అది పనిదొంగల ప్రశ్నయని యెంచినవారు పొరబడిరి. అది యక్షరాస్యులు వేయవలసిన ప్రశ్న. యంత్రము తన్నేమి యడుగుచున్నదో తెలిసినవాడే యట్లు అడుగగలడు.

ఉపాధ్యాయుడు ముఖ్యముగా నేర్వవలసినవి మూడు. మొదటిది లిపి. 1991లో యూనికోడు పద్ధతి వెలువడినప్పుడు తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడి, మన యక్షరములకు ప్రపంచమంతట నొకే సంఖ్య చెల్లు మార్గ మేర్పడినది. పాతరకపు అక్షరరూపములలో కూర్చిన ప్రశ్నపత్రము మఱియొక కంప్యూటరులో అర్థములేని గీతల గుంపుగా కనబడును. అందు వెదకినను మాట దొరకదు. యూనికోడులో వ్రాసినచో దానినే యంత్రము చదివి చూపులేని విద్యార్థికి వినిపింపగలదు. ఒక్క లిపి పద్ధతి నెన్నుకొనుటలో నొక బాలుని చదువే యిమిడియున్నదని తెలిసిన గురువు దాని నలక్ష్యము చేయునా? 2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రము జరిగినది. తెలుగు 'జ్ఞా' యను నక్షరము ఒకానొక విధముగ కూర్పబడిన సందేశము వచ్చినంతనే ఆపిల్ సంస్థవారి ఫోనులు పనిచేయక మొరాయించినవి. కొలది దినములలో వారు దానిని సరిదిద్దిరి. జ్ఞాన శబ్దము నారంభించు నక్షరమే యంత్రమునకు కొఱుకుడు పడలేదు! మన భాష నెఱుగనివారు చేసిన పనిముట్లలో మన భాష చక్కగా నిలువవలెనన్నచో, దానిలో నిత్యము వ్రాయువారు, లోపము చూపువారు మనలోనుండియే రావలెను. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో తమ యూరి చెఱువును గూర్చియో, దేవాలయమును గూర్చియో ఆధారములతో నాలుగు వాక్యములు వ్రాయించుట ఏ ఉన్నత పాఠశాలకైనను సాధ్యమే.

రెండవది వివేకము. 2022 చివరనుండి కృత్రిమ మేధ యంత్రములు అడిగిన దానికెల్ల తెలుగులో సైతము సమాధానము చెప్పుచున్నవి. అపారమైన వాఙ్మయమును చూచి, ఒక మాట వెనుక నేమాట వచ్చుట సహజమో యూహించి అవి వాక్యములు కూర్చును. కావున తెలిసినదానిని చెప్పినంత ధైర్యముతోనే లేనిదానిని కల్పించి చెప్పును. విద్యార్థి యట్టి వ్యాసమును తెచ్చి యిచ్చినపుడు దండించుట సులభము. అంతకు మేలైన మార్గమొకటి కలదు. గిడుగు రామమూర్తిగారిని గూర్చి యంత్రము చెప్పినదానిని నల్లబల్లపై వ్రాయుడు. వారి జన్మసంవత్సరము 1863 అవునా, సవరల భాషకు వారు చేసిన సేవను సరిగా చెప్పినదా, చెప్పని దేమైన నున్నదా యని ప్రతివాక్యమును పిల్లలచే గ్రంథాలయ పుస్తకములతో సరిచూపింపుడు. ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి? మఱియెచ్చటనైన నున్నదా? ఈ మూడు ప్రశ్నలు వంటబట్టిన బాలుడు రేపు పుకారును పదుగురికి పంపడు.

మూడవది రక్షణ. పిల్లల పేరు, ఛాయాచిత్రము, ఆధార్ సంఖ్య, తండ్రి ఫోను సంఖ్య గల పట్టికలను వాట్సాప్ గుంపులలో పంపుట వాడుకయైనది. పంపినవారికి దురుద్దేశము లేదు. పంపినది తిరిగి రాదని తెలియదు. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా నెంచి, వారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెననియు, వారి నడవడిని వెంటాడి ప్రకటనలు చూపరాదనియు విధించినది. పూర్వము ఊరివారు ఉత్తరము వచ్చినచో పంతులుగారి చేత చదివించుకొనెడివారు. నేడు బహుమతి వచ్చినదని, బ్యాంకు ఖాతా నిలిచిపోవునని వచ్చు సందేశములను చూపించుకొనుటకు వారికొక పంతులు కావలెను. ఓటీపీ ఎవరికిని చెప్పరాదనియు, మోసపోయినచో తత్‌క్షణము 1930 సంఖ్యకు ఫోను చేయవలెననియు చెప్పగల గురువు ఆ యూరికి సొమ్ముకాపరి.

ఇందులకు చేయవలసిన దేమి? ఒక్కనాటి శిక్షణము, ఒక ధ్రువపత్రము చాలవు. ప్రభుత్వము పనిముట్టును, దాని ఖర్చును తానే భరింపవలెను. శిక్షణ తెలుగులో నుండవలెను. ఒకే లెక్కను పదిచోట్ల నింపించుట మానవలెను. గుమాస్తా పనిలో మునిగిన గురువు నూతన విద్య నెప్పుడు నేర్చును? శిక్షణము బడివేళలలోనే జరుగవలెను. లేకున్న సాయంకాలమున ఇంటిపని తప్పని సోదరీమణులకు అది యందదు.

అట్లని సర్కారు కొఱకు చేతులు కట్టుకొని కూర్చుండుట మన సంప్రదాయము కాదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘమును స్థాపించినపుడు ధనము గాని, ప్రభుత్వ బలము గాని యెదురుచూడలేదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువలపై పడవలో పుస్తకములను ఊరూరికి నడిపించిరి. ఆ వారసత్వము గల పఠనాలయము లీనాడొక బల్ల, ఒక కంప్యూటరు, వారమున కొకగంట ఉపాధ్యాయుల కొఱకు కేటాయింపలేవా? యంత్ర మెఱిగిన యువకుడును, బోధన యెఱిగిన వృద్ధుడును ఆ బల్లకడ నొకరికొకరు గురువులు కావలెను.

సోదరులారా! రేపటి పౌరుడు చదివి సమ్మతించునా, చదువకయే వ్రేలుంచునా యన్నది మీ తరగతి గదులలో నిర్ణయము కానున్నది. స్వరాజ్యమును చేవ్రాలుతో నిలుపుకొనవలసిన జాతి మనది. వచ్చు వారమే యీ మందిరమున మొదటి పాఠము ప్రారంభింపుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.