వావిలి యాకులోని తైలము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రామపు లెక్కలు వ్రాసికొను నన్ను శాస్త్రవిషయము మాటాడుమనుట మీ యభిమానము. రసాయనశాస్త్రమును నేను బడిలో చదివినవాడను కాను. ఈ గ్రంథాలయపు పుస్తకములే నాకు గురువులు.

కాలువగట్లమీద ఎవరును నాటకయే పెరుగు వావిలిపొదను ఎఱుంగనివారు లేరు. సంస్కృతమున దీనికి సింధువారమనియు, నిర్గుండియనియు పేళ్లు. కుమారసంభవము తృతీయసర్గమున కాళిదాసు పార్వతీదేవికి ముత్యాలపేరునకు మాఱుగా ఈ పూవులనే అలంకరించినాడు. వినాయకచవితినాటి 21 పత్రులలో సింధువారపత్రము ఇదియే. బాలింతరాలి స్నానమునకు కాచునది వావిలాకు నీరే గదా!

ఆకు నలిపినంతనే ఘాటు ముక్కున కెక్కును. ఆకునందలి సూక్ష్మగ్రంథులలో దాగిన తైలమే అందులకు కారణము. ఆకులను నీటితో కాచి, ఆవిరిని గొట్టమున పంపి చల్లార్చినచో, నీటిపై ఆ తైలము తేలును. నూఱు కిలోల ఆకునకు సాధారణముగ ఒక కిలో తైలమైనను రాదు.

ఇది ఒక్క పదార్థము కాదు. పదులకొలది పదార్థముల కూడలి. మిరియములందును లవంగములందును గల కారియోఫిలీను, సాబినీను, నీలగిరి తైలమునకు ఘాటునిచ్చు సినియోలు ఇందు కలవు. సాబినీను అణువునందు 10 కర్బన పరమాణువులు, 16 ఉదజని పరమాణువులు. కారియోఫిలీనునందు 15, 24. అయిదేసి కర్బనముల యిటుకలతో కట్టిన యిండ్లవంటి వీనిని టెర్పీనులందురు. వీనిని శోధించిన జర్మను పండితుడు ఆటో వాలఖ్ 1910లో నోబెలు బహుమానము నందెను. నేలను బట్టియు, ఋతువును బట్టియు వీని పాళ్లు మాఱుచుండును.

మా నాయనమ్మ వావిలాకు కాగుచుండగా కుండపై మూత తీయనిచ్చెడిది కాదు. మూత తీసిన ఆవిరితో పోవునది తైలమేయని పెద్దవాడనైన పిమ్మట చదివి తెలిసికొంటిని. చదువులేని ఆమెకు ఆ సంగతి అనుభవమున తెలియును.

అయినను ఒక్క మాట. నా బాల్యమున జ్వరము తగిలినప్పుడు ఆఱు దినములు వావిలి ఆవిరితోనే గడపిరి. ఏడవనాడు స్పృహ తప్పగా రాజమహేంద్రవరమునకు ఆసుపత్రికి కొనిపోయిరి. రక్తపరీక్షలో టైఫాయిడని తేలినది. మఱియొక దినము జాగు చేసియున్నచో ఈ వేదికపై నేనుండెడివాడనో కానో! తప్పు వావిలిది కాదు, మా నాయనమ్మదియు కాదు. ఆకుపేర లేని జమ వ్రాసికొంటిమి, అంతియే.

కావున యువకులారా! ఇచటి కావ్యములను చదువుడు, శాస్త్రములను చదువుడు. గట్టుమీది వావిలిని వృథాగా నఱకకుడు. జ్వరము విడువనప్పుడు వైద్యుని యొద్దకు పోవుట మానకుడు. ఉన్నది ఉన్నంతయే వ్రాయుట లెక్కకును ధర్మము, శాస్త్రమునకును ధర్మము.