డిగ్రీ చదువుతూ ఉలి పట్టుకుంటే?

తాడిమర్రి నుంచి ధర్మవరానికి కాలేజీకని బస్సులో పోయే పిల్లలకు ఈ ఎపిసోడ్. "డిగ్రీ చదివి వడ్రంగమా?" అని ఇంట్లో అంటారు కదా? అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక సంగతి చెప్తా, వినండి. అక్కడ అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. బ్రష్షే లేదు! తర్వాత మొగలి ఆకుతో రుద్ది నునుపు తెస్తారు. రసాయన రంగులొచ్చాక, సి.వి. రాజు గారు చెట్ల నుంచి తీసే రంగుల మీద ప్రయోగాలు చేసి మళ్లీ వాడుకలోకి తెచ్చారు. 2023లో పద్మశ్రీ ఇచ్చారు. బాటనీ, కెమిస్ట్రీ చదివేవాళ్లకు ఇంతకంటే మంచి ల్యాబ్ ఏముంది?

కొండపల్లి వాళ్లది తెల్లపొణికి, మెత్తటి కర్ర. చేతులు, కాళ్లు విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి అతికిస్తారు. బొమ్మకు పేరుంది గానీ, చెట్లే తగ్గిపోతున్నాయి. నాకు భయం అక్కడే.

మీకు లేత్ అక్కర్లేదు. ఒక ఉలి, కొయ్య సుత్తి, చెక్క ముక్క చాలు. ఆదివారం మీ ఊరి వడ్రంగి పెద్దాయన దగ్గర కూర్చోండి. కర్రలో నార ఎటు పోతోందో చూడ్డం నేర్చుకోండి. నారకు ఎదురు కొడితే పెచ్చు లేచిపోతుంది, ముక్క పోయినట్టే. ఉలికి సాన పట్టేది వచ్చేవారం చూపిస్తా.