బల్ల మీద యుద్ధం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉద్యోగాల గురించి కాక, ఎవరి వ్యాపకం గురించి వాళ్ళు పది నిమిషాలు మాట్లాడాలని సంఘం వారు నియమం పెట్టారు. మంచి పని చేశారు. ముప్ఫై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగం గురించి మొదలుపెడితే మీరంతా భోజనాల వైపు చూస్తారు.

నా వ్యాపకం బొమ్మ సైనికులు. ఒక్కొక్కడు 28 మిల్లీమీటర్లు, అంటే సుమారు బొటనవేలి పై కణుపంత. నెపోలియన్ కాలపు సైన్యాలు నావి. కోటు రంగు, గుండీల వరస, టోపీ మీది ఈక, అన్నీ సన్నని కుంచెతో నేనే వేసుకుంటాను. ఒక పటాలం తయారు కావడానికి నెల సాయంత్రాలు పడుతుంది. సంక్రాంతి వెళ్ళాక కూడా ఎత్తిపెట్టని బొమ్మల కొలువు అని మా ఇంట్లో దీనికి పేరు.

కొలువులో బొమ్మలు కదలవు, ఇవి కదులుతాయి. ఆరడుగుల బల్ల మీద కొండలు, వాగులు, ఊళ్ళు అమర్చుతాం. ఎవరు ఎంత దూరం నడవగలరో టేపుతో కొలుస్తాం. తుపాకీ గుండు తగిలిందా లేదా, పటాలం నిలబడిందా పారిపోయిందా అన్నది పాచికలు తేలుస్తాయి. ఆటలోని రుచంతా ఒక చిక్కులో ఉంది. గుర్రపు దళం మీదికొస్తే కాల్బలం చదరంగా నిలబడి నాలుగు వైపులా బాయినెట్లు చాపాలి. గుర్రం ఆ మొనల మీదికి దూకదు. కానీ అలా కిక్కిరిసి నిలబడినవాళ్ళలో ఒక్క ఫిరంగి గుండు పడితే వరసగా కూలుతారు. ఫిరంగికి భయపడి విడిపోయారా, పక్కనే గుర్రాలు కాచుకుని ఉంటాయి. చదరంగం ఆడేవారికి ఈ బాధ తెలుసు. అయితే చదరంగంలో వర్షం పడదు, బురద ఉండదు, పంపిన కబురు దారి తప్పదు.

ఇది పిల్లలాటగా పుట్టింది కాదు. ప్రష్యా రాజుకు రైస్విట్జ్ అనే ఆయన 1812లో ఇలాంటి బల్ల ఒకటి చేసిచ్చాడు. కొడుకు దాన్ని మెరుగుపరిచి 1824లో నియమాలు అచ్చు వేస్తే, ఆ దేశపు సైనికాధికారులకు అదొక పాఠమైంది. దాన్ని మామూలు ఇళ్ళలోకి తెచ్చినవారిలో రచయిత హెచ్.జి.వెల్స్ ముఖ్యుడు. ఆయన పుస్తకం 1913లో వచ్చింది. నిజం యుద్ధం కన్నా ఈ బొమ్మల యుద్ధం ఎంతో నయమని అందులో వాదించాడు. మరుసటి ఏడే ప్రపంచ యుద్ధం మొదలైంది.

వాటర్లూ ఆడితే ఒక తంటా ఉంది. 1815 జూన్ 18 మధ్యాహ్నం దాటాక బ్లూషర్ సైన్యం తూర్పు నుంచి వస్తుందని ఆడేవాళ్ళందరికీ ముందే తెలుసు. నెపోలియన్‌కు అంత కచ్చితంగా తెలియదు. అందుకే మధ్యవర్తి రహస్యంగా పాచిక వేసి, ప్రష్యన్లు ఎప్పుడు వస్తారో తనలోనే ఉంచుకుంటాడు. అప్పుడుగాని నెపోలియన్ వేషం వేసినవాడికి చెమట పట్టదు.

ఆ ప్రష్యన్ల గురించే ఇంకో కథ ఉంది. విలియం సైబోర్న్ అనే బ్రిటిష్ అధికారి వాటర్లూ పొలాల దగ్గర నెలల తరబడి మకాం వేసి నేలంతా కొలిచాడు. బతికున్న అధికారులకు ఉత్తరాలు రాసి, ఆ సాయంత్రం ఏడు గంటలకు మీరెక్కడున్నారు, చుట్టూ ఏ పైరు ఉంది అని అడిగాడు. వేలాది చిన్న బొమ్మలతో నమూనా కట్టి 1838లో లండన్‌లో ప్రదర్శించాడు. అందులో ప్రష్యన్లు ఎక్కడ, ఎంతమంది ఉండాలన్న దాని మీద వెల్లింగ్టన్ పక్షానికీ ఆయనకూ పడలేదు. చివరికి కొన్ని ప్రష్యన్ బొమ్మలు బల్ల దిగిపోయాయి. ఆ నమూనా ఇప్పటికీ లండన్ నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. గెలుపులో ఎవరి వాటా ఎంత అన్న తగవు బొమ్మల దాకా వచ్చిందన్నమాట.

ఇప్పుడు మన బ్యాచ్ మిత్రుడి మాట చెప్పాలి. మూడో వరసలో కూర్చున్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. మద్రాస్ రెజిమెంటులో చేసి వచ్చినవాడు. నా బొమ్మలు చూసి మొదటిసారి అన్న మాట, "ఒరేయ్, చావులతో ఆటేంట్రా?" నా దగ్గర జవాబు లేదు. ఒక ఆదివారం వచ్చి ఆడమన్నాను.

ఆ రోజు వేసింది అస్సాయే యుద్ధం. 1803 సెప్టెంబరు 23న, ఇప్పటి మహారాష్ట్ర జాల్నా జిల్లాలో జరిగింది. ఒక వైపు సింధియా, బీరారు రాజుల సైన్యం, దాదాపు వంద ఫిరంగులతో. ఇంకో వైపు ఆర్థర్ వెల్స్లీ, అంటే తర్వాత వాటర్లూ గెలిచిన వెల్లింగ్టన్. నేను ఊళ్ళ పేర్లు, నది పేరు చెరిపేసి పటం మావాడి చేతికిచ్చాను. నదికి రేవు లేదని దారి చూపేవాళ్ళు చెబుతున్నారు, ఎలా దాటతావు అన్నాను. మావాడు పటం కాసేపు చూసి, ఒడ్డుకు అటొకటి ఇటొకటి ఎదురెదురుగా ఉన్న రెండు ఊళ్ళ మీద వేలు పెట్టాడు. "వీళ్ళు పిల్లనిచ్చి పుచ్చుకోరా? ఇక్కడ రేవు ఉండి తీరాలి." వెల్స్లీ కూడా ఆ రోజు ఆ ఊళ్ళను చూసే రేవు ఉందని పసిగట్టాడు. పిల్లనివ్వడం సంగతి ఆయనకు తట్టి ఉండదు.

మావాడు గెలిచాడు. మామూలుగా ఆట అయ్యాక పడిపోయిన బొమ్మల్ని డబ్బాలో వేసేస్తాం. మావాడు వేయనివ్వలేదు. తన వైపు పోయినవాటిని బల్ల అంచున వరసగా పేర్చాడు. నా లెక్కలో ఒక్క బొమ్మ ఇరవై మందికి గుర్తు. నిజం యుద్ధంలో వెల్స్లీ వైపు చచ్చినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ కలిపి సుమారు 1,600 మంది. అంటే ఎనభై బొమ్మలు. వాటిలో స్కాట్లండు సైనికులతో పాటు ఎర్రకోటు, తలపాగా వేసిన మద్రాసు సిపాయిలు ఉన్నారు. ఎదురుగా పడి ఉన్న సింధియా మనుషులూ మన దేశం వాళ్ళే.

"ఈ సిపాయిల్లో తెలుగువాళ్ళు ఎంతమంది?" అన్నాడు. ఆ రోజుల్లో ఉత్తరాదిన సిపాయిని తెలంగా అనే పిలిచేవారు, మనవాళ్ళు అంతగా చేరారు. నేను చదివిన పుస్తకాల్లో తెల్ల అధికారుల పేర్లు వరసగా ఉంటాయి, సిపాయిలకు అంకెలే. అదే చెప్పాను. మావాడు జేబులోంచి పాత టోపీ బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. మద్రాస్ రెజిమెంటు చిహ్నంలో ఏనుగు ఉంటుంది. అది అస్సాయే ఏనుగు. ఇన్నేళ్ళు నెత్తిన పెట్టుకుని తిరిగాను, వీళ్ళని ఇవాళ చూశాను అన్నాడు.

అప్పటి నుంచి మా ఆటలో పద్ధతి మారింది. పడిన బొమ్మలు డబ్బాలోకి పోవు. ఆట అయ్యేదాకా అంచున నిలబడతాయి, చివర్లో రెండు వైపులా లెక్క పైకి చదువుతాం. ఆడేటప్పుడు దూకుడు తగ్గిందని కుర్రాళ్ళు గొణుగుతారు. తగ్గనివ్వండి.

బల్ల ఇప్పుడు గ్రంథాలయం గదిలో వేసి ఉంది. భోజనాలయ్యాక నలుగురు కావాలి, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ముందు అవకాశం. మధ్యవర్తిగా మన సోషల్ మాస్టారు ఒప్పుకున్నారు. అస్సాయే రహస్యం నేనే బయటపెట్టాను కాబట్టి ఈసారి వేరే యుద్ధం. పటం మీద పేర్లు మాత్రం ఉండవు.